లూనా గీసిన పిల్లర్

నవ్వకు తబస్సుం. మోకాలు పట్టేసింది, అంతే. ఇవి మెట్లు కావు, కార్లు ఎక్కే ర్యాంపు. కారు కొనలేనోడు కార్ల దారిన నడిస్తే గిట్లనే అయితది మరి.

అసలు ఈ పార్కింగ్ కట్టిన మహానుభావుడు ఎవడో గాని! ఊరు మొత్తంల డాక్టరుదొకటి, ఆఫీసరుదొకటి కార్లున్న రోజులల్ల మూడంతస్తులు లేపిండు. కార్లు రాలే. పినపాక దిక్కు నుంచి మిర్చి వచ్చింది. పైన ఎర్రగ ఆరబోస్తే, కింద మన స్టూడియోల 'నవ్వండి' అన్నప్పుడల్ల కస్టమర్లు తుమ్మేటోళ్లు. యాదున్నదా? ఊర్ల సగం మంది ఫోటోలల్ల ఏడ్చినట్టు ఉంటరంటే నా తప్పు కాదు, మిర్చిది.

మొన్న హైదరాబాద్ నుంచి చదువుకున్న పిల్లలు వచ్చిండ్రు. ఈ గోడలను బర్రెను నిమిరినట్టు నిమిరిండ్రు. "అంకుల్, కాంక్రీటును ఇట్ల కప్పకుండ వదిలేయడం ఒక శైలి" అన్నరు. హాయ్ అల్లా! నేను ఇన్నేండ్లు సున్నానికి పైసలు సాలక వదిలేసిండ్రనుకున్న. శైలిల బతికినమంట మనం. ముందే తెలిస్తే ఫోటోకు రేటు పెంచకపోదునా?

సరే, ఆ శైలి కూడ రేపటిదాకనే. పొద్దున కూలగొట్టనీకి జేసీబీలు వస్తయి. దుకాణాలన్ని ఖాళీ. మన షట్టర్ పీకేసిండ్రు. వెనక గోడకు నేను గీసిన మంచుకొండ మాత్రం అట్లనే ఉంది. బొగ్గు ఊర్ల మంచుకొండ! దాని ముందర ఎన్ని కొత్త జంటలు చలి పెట్టినట్టు దగ్గరికి జరిగినయో.

అందుకే వచ్చిన, ఫోటో కోసం. ఏ ఫోటో అని అడుగుతవేంది? మనిద్దరిది.

అవ్, అసొంటిది ఒక్కటి కూడ లేదు. నువ్వు పోయినంక నలభై దినాలప్పుడు మన అతీక్ అడిగిండు. "చాచా, నీదీ చాచీదీ కలిసున్న ఫోటో ఇయ్యి, ఫ్రేమ్ కట్టిస్త" అని. ఆల్బమ్ ముందరేసుకొని కూసున్న. అన్నిట్ల నువ్వే. నేను ఏడ?

ఎట్ల ఉంట? మన నిఖాకు కెమెరా పట్టింది నేనే కద! వేరేటోని మీద నమ్మకం లేకపాయె. ఖాజీ సాబ్ "కబూల్ హై?" అంటే, నేను "ఒక్క నిమిషం, ఇటు చూడండి" అన్న. మీ అబ్బా అప్పుడే నీ దిక్కు జాలిగ చూసిండు. ఆ చూపు కూడ ఆల్బమ్‌ల ఉంది, మంచిగ వచ్చింది. ఒక్క ఫోటోకు మాత్రం నా మొకం ముందర వేలాడే సెహ్రా పూలు లెన్స్‌కు అడ్డం పడి మూలకు మసక మసకగ ఉన్నయి. పెళ్లికొడుకు హాజరు గంతే.

తర్వాత? తర్వాత తీసుకుందం, తర్వాత తీసుకుందం. ఫోటో స్టూడియో మనదే ఉండంగ తొందరేంది?

ఇగో, వచ్చినం. రెండో అంతస్తు, మూల పిల్లర్. నీకు లూనా బండి నేర్పింది ఇక్కడనే. ఖాళీ పార్కింగ్, గుద్దనీకి ఏం లేదని తీసుకొస్తి. నువ్వు ఏరి ఏరి దీన్నే గుద్దితివి. కింద పడి, లేసి, ముసుగు సర్దుకొని, "పిల్లరే అడ్డమొచ్చింది జీ" అన్నవ్. నేను పిల్లర్‌ను తిట్టిన. ఇంకేం చేస్త?

దాని మీద ఎవడో ట్యూషన్ పోస్టర్ అంటించిండు. ఆగు, గోరుతో గీకుత... ఉంది! తబస్సుం, ఉంది! నీ లూనా రంగు అంటిన ఆకుపచ్చ గీత. అట్లనే ఉంది సూడు. ఎవ్వడన్న సున్నం వేసి ఉంటే పోయేది. ఆ పిల్లలు కరెక్టే, మంచి శైలి ఇది.

ఇప్పుడు ఎండ కొంచెం వంగాలె. అప్పుడు నా నీడ పోయి పిల్లర్ మీద పడతది. నీ గీత, నా నీడ, ఒకే ఫ్రేముల. తీసేటోని నీడ ఫోటోల పడొద్దని శిష్యులకు ఎంత మొత్తుకున్ననో, ఇయ్యాల నేనే నీడను బతిమాలుతున్న.

అరే, మబ్బు! ఇప్పుడేనా? గోదావరి మీద ఇంత జాగ ఉండంగ నా నెత్తి మీదికే రావాల్నా?

...వచ్చింది. ఎండ వచ్చింది. కెమెరా ఎదకు ఆనిచ్చుకొని రెండో చెయ్యి సాపుత. నీడ చెయ్యి నీ గీతకు తగలాలె. ఇంకొంచెం. ఇంకొంచెం...

తీసిన.

చూపిస్త ఉండు. ఊఁ. గీత మంచిగ వచ్చింది. నీడ కూడ వచ్చింది, కొంచెం గూని వడ్డది. చెయ్యి మాత్రం అందలే తబస్సుం. ఒక్క జానెడు. మల్ల తీద్దమంటే ఎండ పాయె.

"ముస్తకీం చాచా! చాచీ ఇంకా రాలే! గేటు పెట్టనా?"

ఇన్నవా? కింద వాచ్‌మెన్, హరిలాల్. కొత్తగ వచ్చిండు, మంచోడు. ఒక్కరినే పైకి పంపొద్దని ఆర్డరంట. పెచ్చులు ఊడి మీద పడితే వచ్చి చెప్పనీకి తోడు ఇంకొకరు ఉండాలంట. తోడు ఏడికెల్లి తేవాలె? "మా ఆమె వెనక వస్తది, మెల్లగ నడుస్తది, గేటు తీసే ఉంచు" అన్న. నోటికి అట్ల వచ్చింది. పాపం, అప్పటి సంది గేటు పట్టుకొని నీ కోసం తొవ్వ చూస్తుండు.

ఇప్పుడు ఆయనకు ఏమని చెప్పాలె? రాదు, పెట్టేసుకో అనాలె. చిన్న మాటనే. పోయిందని అతీక్‌కు చెప్పిన, దవాఖానా కాయితం మీద సంతకం పెట్టిన. ఈ 'రాదు' అనే మాట ఒక్కటి మాత్రం ఇంతవరకు నా నోటితోని అనలే.

"చాచా! గేటు పెట్టనా?"

ఇంకొంచెంసేపు ఉండనీ తియ్యి. గేటే కద.