బురద ఆటలో మధ్య మనిషి

"ఒరే మెర్విన్, ఆ కుంచె డబ్బాలో పెట్టు. పెద్దవాళ్ళని ఒక్కమాట అడక్కుండా పేరు రాసేయడమేనా? నీ వయసెంత, ఈ క్లబ్బు వయసెంత? గోడలకి రంగులేసుకునే నీకు దీని చరిత్ర ఏం తెలుసని? మొదటి అక్షరం అప్పుడే పెట్టేశావా? తుడిచెయ్. తడిగా ఉండగానే తుడిచెయ్."

శనివారం మధ్యాహ్నం మా క్లబ్బు గదిలో బకెట్ గ్విలిమ్ ఇలా అందుకున్నాడు. రాత్రంతా కురిసిన వానకి మైదానంలో నీళ్ళు నిలిచి ఆట ఆగిపోయింది. ఇంటికి పోయి చేసే పనేమీ లేనివాళ్ళం పొయ్యి చుట్టూ చేరాం. కొందరి చేతుల్లో బీరు, మాలాంటి చర్చి పెద్దల చేతుల్లో టీ.

కుమ్‌బ్రైథ్ రగ్బీ క్లబ్బుకి ఆ ఏడు డెబ్బై అయిదో ఏడు. నలభై ఏళ్ళ కిందట పక్క ఊరు లాన్‌వెరిన్‌ని బురదలో ఓడించిన మా పదిహేను మంది పేర్లూ ఒక బోర్డు మీద రాయిస్తున్నాం. పద్నాలుగు అయ్యాయి. తలలు ఇరికించుకుని తోసుకునే స్క్రమ్‌లో ముందు వరస మధ్య మనిషి పేరొక్కటే మిగిలింది. ఆ మధ్య మనిషి ఎమ్రిస్ అని ఊరందరికీ తెలుసు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వసంతకాలంలో పోయాడు. బోర్డు మీద ఆయన పేరు పడుతుంటే చూడాలని భార్య నెస్టా వచ్చి, చేతి తొడుగులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొయ్యి పక్కన ముసలి ట్యూడర్ దుప్పటి కప్పుకుని కునుకుతున్నాడు. ఆ రోజు ముందు వరసలో ఎమ్రిస్ పక్కన నిలబడ్డది ఆయనే. ఇప్పుడు చూపు లేదు. ముందు వరసలో ఆడినవాళ్ళందరికీ ఉన్నట్టే ఆయన చెవులు నలిగి, ముద్దకట్టి, కాలీఫ్లవర్ ముక్కల్లా ఉంటాయి.

మా ఊళ్ళో గ్విలిమ్ మోర్గన్‌లు అయిదుగురు. అందుకని ఒక్కొక్కడికీ చేసే పనిని బట్టి ముందొక మాట తగిలిస్తాం. ఆట జరిగేటప్పుడు దెబ్బ తగిలినవాడి దగ్గరికి నీళ్ళ బకెట్, స్పాంజి పట్టుకుని పరిగెత్తడం ఈ గ్విలిమ్ పని. కాబట్టి బకెట్ గ్విలిమ్. ఆ పేరంటే అతనికి ఎన్నడూ గిట్టలేదు.

"ఎందుకు తుడవాలి బాబాయ్?" అన్నాడు మెర్విన్. "రంగు ఆరిపోతోంది."

"ఆరనీ. నిజం ఆరిపోవడం కంటే అది నయం. ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను, ఎమ్రిస్ బతికుండగా వాడి పరువు తియ్యడమెందుకని. వదినా, నువ్వు ఏమీ అనుకోకు. మొదటి సగమంతా ఎమ్రిసే ఆడాడు, నేను కాదనను. తర్వాత భుజం జారింది. దెబ్బ తగిలితే బదులు మనిషిని దింపే రూలు ఆ రోజుల్లో లేదు. నేను బకెట్ పట్టుకుని వెళ్ళాను. వెళితే ఏమన్నాడో తెలుసా? 'గ్విలిమ్, నావల్ల కాదురా, నా చొక్కా తొడుక్కుని నువ్వు దిగు' అన్నాడు. బురదలో ఎవడి మొహం ఎవడికి తెలుస్తుంది? ఒక్క స్క్రమ్, ఆఖరిది, గెలిపించింది. అంతే నేను ఆడింది. ఎక్కువ చెప్పుకునే అలవాటు నాకు లేదు."

నెస్టా తల ఎత్తింది. "అంటే మా ఆయన రూలు తప్పించి మనిషిని దింపాడంటావా?"

"తప్పని నేనన్నానా వదినా? ఊరి కోసం చేశాడు."

ఆమె తొడుగుల్ని మడిచి మళ్ళీ విప్పింది. మాకు ఒళ్ళు మండింది కానీ కాదనడానికి చేతిలో ఏముంది? ఆ ఆట ఆడినవాళ్ళలో మిగిలింది ట్యూడర్ ఒక్కడే. చూస్తే ఆయన గుర్రు పెడుతున్నాడు. బదులు మనిషి దిగిన మాట పుకారుగానైనా వినలేదని ఎవరైనా అంటే, రహస్యం కాబట్టే వినలేదంటాడు గ్విలిమ్. అక్కడితో ఆగి ఉంటే బహుశా ఆ మధ్యాహ్నం మెర్విన్ కుంచె కడిగేసుకుని ఇంటికి పోయేవాడు. కానీ గ్విలిమ్‌కి ఆగడం చేతకాదు.

"ఒక్క స్క్రమ్ అంటే ఎంత సేపులే," అన్నాడు మాంసాల ఐవర్. వాడిది మాంసం కొట్టు.

"ఎంత సేపా? నీలాంటి వాళ్ళకి చెప్పడమే నాది బుద్ధి తక్కువ. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది, తలలు ఇరికించుకుని తోసుకోవడం, మధ్య మనిషి కాలితో బంతిని వెనక్కి లాగడం, మామూలు స్క్రమ్ అంతే కదా? ఇది మామూలుది కాదు. వాళ్ళు తోస్తే మేం కదల్లేదు, మేం తోస్తే వాళ్ళు కదల్లేదు. ఇద్దరి బలమూ ఎక్కడికి పోవాలి మరి? కిందికి పోయింది. ముందు మోకాళ్ళు దిగబడ్డాయి, తర్వాత నడుం, తర్వాత మెడలు. రిఫరీ ఈల ఊదుతాడు, ఈల నిండా బురద, బుడగలొస్తాయి తప్ప మోత రాదు. ఈల వినపడకుండా ఆట ఆపడం మర్యాదా? మేం ఆపలేదు."

"మునిగిపోయారా బాబాయ్?"

"మునగడమేంట్రా, దిగాం. మైదానం కింద ఏముంది? మీ తాతలు తవ్విన బొగ్గు గని కాదూ? పైకప్పు బద్దలై స్క్రమ్ స్క్రమ్‌లాగే, ఒక్క చెయ్యి పట్టు జారకుండా, గని సొరంగంలో పడ్డాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దెబ్బలు తగిలుంటాయి," అన్నాను నేను.

"ఈయనొకడు. దెబ్బల సంగతి ఎవడిక్కావాలండీ? అప్పుడే షిఫ్టు దిగిన గనివాళ్ళు ఎదురొచ్చారు. మనవాళ్ళు మన వెనక చేరారు, లాన్‌వెరిన్ వాళ్ళు వాళ్ళ వెనక చేరారు. తోపుడు, తోపుడు. సొరంగంలో కొక్కేలకి వేలాడే దీపాలన్నీ ఆ ఊపిరికి ఆరిపోయాయి. చీకట్లో బంతి ఎక్కడుంది? నా కాళ్ళ మధ్య. ఒక్కసారైనా వదిలితే అడుగు. మధ్య మనిషి వదిలాడంటే ఊరు ఓడినట్టే."

"ఎంతసేపు తోశారు బావా?" ఐవర్ మహా అమాయకంగా అడిగాడు.

"దీపాలు పెట్టే వేళ దాకా. అప్పుడు నాకు వెనకనించి ఎవరో పెద్ద తోపు తోశారు. ఎవరా అని చూద్దునా, తల తిరగదు. వెచ్చగా మెడ మీద ఊపిరి. గడ్డి వాసన."

"గుర్రమా?"

"బొగ్గు బళ్ళు లాగే పొట్టి గుర్రం. దానికీ ఊరి మీద అభిమానం ఉంటుంది కదా. మా చొక్కా ఎర్రరంగు చూసి మా వైపే చేరింది."

"దీపాలు ఆరిపోయాయన్నావు. ఎర్రరంగు ఎలా చూసింది?"

"ఐవర్, నువ్వు కొట్టులో ఎముక తీసి మాంసం తూస్తావా, ఎముకతో తూస్తావా? నీకు ప్రతిదాంట్లోనూ ఎముకే కావాలి. గుర్రాలకి చీకట్లో కనపడుతుందయ్యా. ఆ గుర్రం తోపుతో లాన్‌వెరిన్ వాళ్ళు వెనక్కి, వెనక్కి, వెనక్కి పోయి లిఫ్టులో పడ్డారు. మేమూ పడ్డాం. లిఫ్టువాడు బరువు చూసి బెదిరిపోయి పైకి లాగేశాడు. పైకొచ్చి చూస్తే ఎక్కడున్నాం? ఇప్పుడు చెప్పండి, ఎక్కడున్నాం?"

గ్విలిమ్ ఒక్కొక్కరి మొహమూ చూశాడు. పొయ్యిలో బొగ్గు జారింది.

"లాన్‌వెరిన్ గోలు గీత అవతల. గని అటు పక్కకి తేలుతుందని మీకు తెలీదూ? బంతి నా కాళ్ళ దగ్గరే ఉంది. వంగి, చేత్తో నేలకి ఆనించాను. గెలిచాం. రిఫరీ ఈల ఊదితే మళ్ళీ బుడగే వచ్చింది. ఈల మోగనిదే ఆట ముగిసినట్టు కాదుగా? ఆయన ఈలని ఇంటికి పట్టుకుపోయి పొయ్యి పైన అరలో పెట్టాడు. బురద ఆరాక ఒక ఆదివారం, ఇల్లంతా భోజనానికి కూర్చుంటే, ఈల దానంతటది మోగింది. అప్పటిదాకా నేను స్క్రమ్‌లోంచి నడుం ఎత్తలేదు. కావాలంటే మా అమ్మనడగండి."

"మీ అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది," అన్నాడు ఐవర్.

"ఉన్నప్పుడు అడగాల్సింది. ఇప్పుడు నా మీద అరిస్తే నేనేం చెయ్యను? అన్నాళ్ళ తోపుడు ఈ తల మీద మోశానురా. అటు వాళ్ళ తలలు, ఇటు మనవాళ్ళ తలలు, మధ్యలో నాది, తిరగలి రాళ్ళ మధ్య గింజలాగా. ఇక ఆ పేరు ఎవరిదో మీ మనస్సాక్షికే వదిలేస్తున్నాను. మెర్విన్, తుడిచెయ్."

గ్విలిమ్ ఉన్ని టోపీని చెవుల మీదికి లాక్కుని, బీరు తాగాడు. మెర్విన్ గుడ్డ చేతిలోకి తీసుకుని మా మొహాలు చూశాడు. నెస్టా లేచి నిలబడి తొడుగులు వేసుకోవడం మొదలుపెట్టింది.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు ట్యూడర్.

గుర్రు ఎప్పుడు ఆగిందో మేం గమనించలేదు. కళ్ళు మూసే ఉన్నాయి.

"గ్విలిమ్, ఇటు రా."

"లేచావా మావా? నీకు గుర్తుందిగా, ఆ గుర్రం..."

"గుర్రం సంగతి తర్వాత. టోపీ తియ్."

"చలిగా ఉంది మావా."

"పొయ్యి పక్కనే ఉన్నావు. తియ్."

గ్విలిమ్ నవ్వుతూ మా వైపు చూశాడు. మాలో ఎవరూ నవ్వలేదు. టోపీ తీశాడు. ముసలాయన చేతులు తడుముకుంటూ వచ్చి అతని రెండు చెవుల్నీ పట్టుకున్నాయి. అంచు వెంట బొటనవేలు మెల్లగా నడిచింది. ఒక చెవి, తర్వాత రెండోది.

"చంటిపిల్లాడి చెవులు," అన్నాడు.

"అందరికీ నలుగుతాయా ఏంటి మావా? ఒక్క స్క్రమ్‌కి..."

"ఒక్క స్క్రమ్మే," అన్నాడు ఐవర్. "దీపాలు పెట్టే వేళ దాకా ఒకటి. ఈల ఆరేదాకా అదే ఒకటి. గుర్రంతో కలిపి. తిరగలిలో పడ్డ చెవి ఇస్త్రీ చేసినట్టుందేం బావా?"

ఒక్క స్క్రమ్ దగ్గరే ఆగి ఉంటే ఆ చెవులు గ్విలిమ్‌ని పట్టిచ్చేవి కావు. పట్టిచ్చింది అతని నాలుకే.

ట్యూడర్ ఇంకా చెవి వదల్లేదు. "ఎమ్రిస్ చెవి పైన గట్టిగా ముడిలాగా ఉండేది, గులకరాయంత. అది నా చెవికి గుచ్చుకునేది. ఆఖరి స్క్రమ్‌లోనూ గుచ్చుకుంది. నేను బూతు తిట్టాను. 'క్షమించు ట్యూడర్' అన్నాడు. అంత తోపుడులో, నోట్లో బురదతో. స్క్రమ్ మధ్యలో క్షమించమని అడిగినవాడు ఈ లోయ మొత్తానికి వాడొక్కడే. నువ్వు బతుకులో ఎవర్నైనా అడిగావా?"

చెవి వదిలేశాడు. మెర్విన్ గుడ్డ పక్కన పడేసి కుంచె ముంచుకున్నాడు.

నెస్టా మళ్ళీ కూర్చుంది. ఆమె గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువ. "ఆ రోజు భుజం జారలేదు గ్విలిమ్. ముక్కులోకి, గొంతులోకి బురద పోయింది. ఊపిరాడక నేల మీద కొట్టుకుంటుంటే నువ్వు బకెట్‌తో పరిగెత్తుకొచ్చావు. నోట్లో వేళ్ళు పెట్టి బురద లాగావు. నీ వేలు కొరికాడు. స్పాంజితో మొహం తుడిచి లేపి నిలబెట్టావు. ఆ రోజు వచ్చినప్పుడల్లా ఏటా మా ఇంట్లో చెప్పుకునేది అదే. బకెట్ గ్విలిమ్ లేకపోతే నేను పోయేవాణ్ణి అనేవాడు, చివరి రోజుల్లో కూడా. అంత మంచి కథ నీ దగ్గరుంటే నలభై ఏళ్ళలో ఒక్కసారి చెప్పావా? అది వదిలేసి, చచ్చిన మనిషిని మోసగాణ్ణి చేశావు."

గ్విలిమ్ తన కుడిచేతి వేలు చూసుకున్నాడు. అక్కడ పాత మచ్చ ఉంది. అది గుర్రం కరిచిన మచ్చని మాకు చాలాసార్లు చెప్పాడు. టోపీ పెట్టుకోవడం మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం నీళ్ళు ఇంకాయి, ఆట ఉంది. గ్విలిమ్ ఎప్పటిలాగే ముందొచ్చి, మెట్ల కింద బకెట్ కోసం వంగాడు. అక్కడ లేదు. ఐవర్ చేతిలో ఉంది.

"ఇటివ్వు," అన్నాడు గ్విలిమ్.

"ముందు వరస మనిషివి, నీకు బకెట్ మోసే ఖర్మేంటి బావా? నీ చోటు అక్కడ." పాత ఆటగాళ్ళ కోసం గీత పక్కన వేసిన కుర్చీలు చూపించాడు ఐవర్. నవ్వలేదు.

గ్విలిమ్ కార్యదర్శి దగ్గరికి వెళ్ళాడు, నా దగ్గరికి వచ్చాడు, అందరినీ అడిగాడు. అందరమూ అదే మాట అన్నాం. నువ్వు చెప్పుకున్నావు కదా, కూర్చో అన్నాం. అది కఠినమని నాకు తెలుసు. కానీ చచ్చినవాడి పేరు చెరపమని రంగు తడి ఆరకముందే అరిచిన గొంతు అప్పటికింకా నా చెవుల్లో ఉంది.

బకెట్ పోయాక ఆ పేరూ పోయింది. ఇప్పుడు ఎవరైనా గ్విలిమ్ వచ్చాడంటే, ఏ గ్విలిమ్ అని అడుగుతారు. ఏ గ్విలిమూ కాదు, ఉత్త గ్విలిమ్ అంటారు. మా ఊళ్ళో ముందు ఏ మాటా లేని మనిషి అతనొక్కడే.

బకెట్ పోయిన ఆ మొదటి శనివారమే, ఇప్పటి మా జట్టు మధ్య మనిషి గీత దగ్గర, గ్విలిమ్ కుర్చీకి నాలుగడుగుల దూరంలో, మొహం బురదలో పెట్టి పడిపోయాడు. లేవలేదు. గ్విలిమ్ సగం లేచాడు. కుడిచెయ్యి కుర్చీ కిందికి పోయి బకెట్ పిడి కోసం తడుముకుంది. అవతలి గీత నుంచి ఐవర్ నీళ్ళు ఒలకబోసుకుంటూ, రొప్పుతూ వస్తున్నాడు. వాడు వచ్చేదాకా ఆ చెయ్యి ఖాళీ గడ్డిలో అలా వెతుకుతూనే ఉంది.