గురువు లేని గిటారు

సఖినేటిపల్లి రేవులో పైడమ్మ టీకొట్టు దగ్గర కేశవరావుగారు నోరు విప్పేరంటే, అవతలొడ్డుకి దాటించే పంటు వెళ్ళిపోతున్నా జనం లేవరు. ఆ శనివారం పొద్దున్న ఆయన కంట్లో లిడియా భుజానున్న గిటారు సంచి పడింది.

"ఎక్కడికమ్మా, గిటారేసుకుని?"

"నర్సాపురమండి. సాలమోను మాస్టారి దగ్గర చేరదామనండి."

లిడియా రాజోల్లో బడిపంతులమ్మ. రెండు నెలలుగా ఫోను చూసి సొంతంగా నేర్చుకుంటోంది. మూడు వారాల్లో చర్చిలో పాటకి వాయిస్తానని మాటిచ్చేసింది గానీ, తీగల మీద ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి వేళ్ళు మారేలోపు పాడేవాళ్ళు చరణం దాటిపోతున్నారు. పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి, ఇప్పుడు ఇంకొకరి ముందు ఓనమాలు దిద్దాలంటే చచ్చేంత సిగ్గుగా ఉంది. ఎవరైనా వద్దంటే వెనక్కి తిరిగిపోదామనే ఉంది.

కేశవరావుగారు వద్దనే అన్నారు.

"మాస్టారా! గోదారొడ్డున పుట్టినోడు ఈతకి మాస్టార్ని పెట్టుకుంటాడా? నేనెవరి దగ్గర నేర్చుకున్నానమ్మా? మొన్న వేసంగిలో రొయ్యల చెరువు కాపలాకెళ్ళి, తోచక, మా మేనల్లుడు వదిలేసిన గిటారు అలా ఒళ్ళో పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి ఒక పాట వచ్చేసింది. సాయంత్రానికి పది."

"పదేనాండీ?" అన్నాడు ఆటో నాగసతీష్, టీ ఊదుకుంటూ.

"ముందు వినవోయ్. ఇంతలో కరెంటు పోయింది. చెరువులో నీళ్ళు చిలికే చక్రాలు ఆగిపోయేయి. గాలాడకపోతే రొయ్య గంటలో చచ్చి తేలిపోతుంది, నీకు తెలీందేముంది. ఆరెకరాల చెరువు! డీజిలు లేదు, మనిషి లేడు, ఏం చేస్తాను? గట్టుమీద కూర్చుని గిటారందుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రొయ్యలు గెంతడం మొదలెట్టేయి! ఒకటీ రెండూ కాదు, చెరువు చెరువంతా. ఆ గెంతులకి నీళ్ళు నురగలు కక్కి, చక్రాలు తిప్పినదానికంటే ఎక్కువ గాలి పట్టింది. కరెంటొచ్చినా నేనే వద్దన్నాను. నెల తిరక్కుండా కిలోకి ముప్ఫై తూగే రొయ్య కిలోకి రెండు తూగింది."

"ఓరి నాయనో! మరి అంతేసి రొయ్యల్ని పట్టడానికి వల ఆగిందాండీ?" అన్నాడు నాగసతీష్.

"వలెందుకు? పాట మార్చేను. వరసకట్టి వాటంతటవే లారీ ఎక్కేయి."

పైడమ్మ గ్లాసులు కడగడం ఆపి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. లిడియాకీ నవ్వాగలేదు. అయినా, ఈ కోతల్లో పదోవంతు నిజమున్నా చాలు, ఇంటికెళ్ళి తలుపేసుకుని నేర్చుకోవచ్చు కదా అని ఆశ పడింది.

"అక్కడితో అయిందా? ఒకరోజు ఇదిగో, ఈ రేవులోనే వాయించేను. పంటు నడిగోదాట్లో ఆగిపోయింది, ఇంజనుకి వినబుద్ధయ్యింది పాపం. అదలా ఉంచు, సముద్రం పోటుకి ఎక్కిన గోదారి ఎక్కింది ఎక్కినట్టే నిలబడిపోయిందమ్మా! వెనక్కి తియ్యడం మర్చిపోయింది. అవతల ఇళ్ళల్లోకి నీళ్ళు! కలెక్టరాఫీసు నుంచి ఫోను. 'కేశవరావుగారూ, మీకు దణ్ణం పెడతాం, పాట ఆపండి, సముద్రం ఇంటికెళ్ళాలి' అని. అప్పుడాపేను. జనం క్షేమం కోరి మళ్ళీ గిటారు జోలికి పోలేదు. మాస్టారి దగ్గర చేరుంటే ఇంత విద్య వచ్చేదా? వెనక్కెళ్ళిపో అమ్మా!"

"ఆయ్," అంది లిడియా, తన ఎడంచేతి వంక చూసుకుంటూ. "ఒక్కసారి మీ ఎడంచెయ్యి ఇలా చూపిస్తారాండీ?"

ఆయన దర్జాగా చాపేరు. వేళ్ళ కొసలు ఒక్కొక్కటీ ఒత్తి చూసింది. లేతకొబ్బరిలా ఉన్నాయి.

"తీగలు నొక్కీ నొక్కీ నాకు రెండు నెలలకే వేళ్ళు కాయలు కాసేయండి. ఒక్క పాటా రాలేదు. మీకిన్ని పాటలొచ్చి ఒక్క కాయా లేదేంటండీ?"

నాగసతీష్ కూడా వంగి చూసేడు. కేశవరావుగారు చెయ్యి లాక్కుని, "నొక్కేవాళ్ళకి కాస్తాయమ్మా. నేను ఊరికే అలా ముట్టుకుని వదిలేస్తాను," అన్నారు.

"ఆయ్, అది మాత్రం నిజమేనండి," అంది పైడమ్మ. "పడవ కొన్నారు, ముట్టుకుని వదిలేసేరు. కొబ్బరి వ్యాపారం పెట్టేరు, ముట్టుకుని వదిలేసేరు. గిటారొక్కదానికే అన్యాయం చేస్తారేంటండీ?"

కొట్టంతా గొల్లున నవ్వింది. కేశవరావుగారూ పొట్ట పట్టుకుని నవ్వేరు. లిడియాకి ఆ నవ్వుల్లో సిగ్గు కాస్తా ఎగిరిపోయింది. ముట్టుకుని వదిలేసేకంటే మాస్టారిచేత నాలుగు చివాట్లు తినడమే నయమనుకుని, గబగబా వెళ్ళి పంటెక్కేసింది.

కదిలే ముందు పంచె ఎగ్గట్టుకుని ఒకాయన పరుగెత్తుకొచ్చి ఎక్కేరు. చూస్తే కేశవరావుగారే! రొప్పుతూ పక్కన నిలబడి, ఎవరికీ వినబడకుండా అడిగేరు.

"అమ్మా, మీ మాస్టారు నా ఈడువాళ్ళకి కూడా చెబుతారంటావా?"

"ఎవరికైనా చెబుతారటండి, నిన్న ఫోనులో అన్నారు. ఒక్కటే షరతండి. పాఠమైనంతసేపూ ఆయనొక్కరే మాట్లాడతారంట."

కేశవరావుగారు గతుక్కుమని ఒడ్డు వైపు చూసేరు. పంటు అప్పటికే కదిలిపోయింది.