గంట కింద ఇచ్చిన మాట

చర్చి గంట ఆగకుండా మోగుతుంటే, ఎవరిదో గడ్డివాము అంటుకుందనుకుని ఆమె బకెట్టు నీళ్ళతో భర్త కోస్తున్న గోధుమచేనికి పరుగెత్తింది.

“ఎవరి వామయ్యా తగలబడింది?”

“వాము కాదే, యుద్ధం. ఆస్ట్రియా సెర్బియా మీద పడింది. సెర్బియాకి రష్యా అండ, ఆస్ట్రియాకి జర్మనీ అండ. రష్యాకేమో మనం మాటిచ్చాం. రేపు పొద్దున్నే నేను పటాలంలోకి పోవాలి.”

“మన కొట్టం కాలినప్పుడు పక్కింటోడే రాలేదు. నువ్వు రష్యావాడి కోసం పోతావా?”

“మాటిచ్చేశారుగా.”

“ఎవరు?”

“పారిస్‌లో పెద్దోళ్ళు.”

“మరి ఆ గంట కిందే నిలబడి, ముసలిదాన్నయ్యేదాకా నన్ను వదలనని మాటిచ్చిందెవరు?”

“నేనే. కానీ నా మాట వెనక ఫిరంగుల్లేవే, పిచ్చిదానా.”

ఆమె ఏప్రన్ అంచు ఆ నీళ్ళలో ముంచి, అతని మెడ మీది పొట్టు మెల్లగా తుడిచింది.

“ఇంటికి పద. ఈ చొక్కా ఉతకాలి, రేపటికి ఆరాలి.”