రెండు చేతుల చిత్రిక

వీరప్ప నోరు తెరిచాడంటే యాడికి ఊరి బస్టాండులో బస్సు వచ్చినా జనం లేవరని పేరు. అక్కడి టీకొట్టు ఆయన భార్య తిమ్మమ్మది. ఆమె టీ కాస్తుంది, ఈయన కోతలు కోస్తాడు. ఆ సాయంత్రం మాత్రం మాబాషాకు కావలసింది కోత కాదు, ఒక్క నిజమైన మాట.

మాబాషా పటాలకు చట్రాలు కట్టే వడ్రంగి. ఉరుసుకని దర్గా పెద్దలు చెప్పిన చట్రాలు మూలల్లో విచ్చుకుంటున్నాయి. చెక్కల కొసలు సరిచేయడానికి ఒక పలక చేసుకున్నాడు. దాని మీద, చెక్కను నునుపు చేసే చిత్రికను పక్కకు పడుకోబెట్టి తోయాలి. పలక బాగానే కుదిరింది గానీ, ఇంట్లో ఉన్న పాత కొయ్య చిత్రిక పక్కలు వంకరపోయి పడుకోనంటోంది. ఈసారీ మూలలు విచ్చుకుంటే పని తాడిపత్రి వాళ్ళకు పోతుంది, దాంతోపాటు ఊళ్ళో పేరూ పోతుంది.

గుంతకల్లు రైల్వేలో పని మానుకున్న ఓబుళేసు రెండు ఇనుప చిత్రికలు అమ్మకానికి తెచ్చి టీకొట్టు బల్ల మీద పెట్టాడు. మాబాషా మూలమట్టం పెట్టి చూశాడు. రెండింటి పక్కలూ చక్కగానే ఉన్నాయి. ఒకటి మూరెడు పొడవు, ఎత్తితే చేయి లాగే బరువు. రెండోది జానెడున్నర. కొనగలిగింది ఒక్కటే. ఏది తీసుకోమంటావన్నా అని వీరప్పను అడగడమే మాబాషా చేసిన తప్పు.

"పెద్దదే తీసుకోప్పా. ఎందుకో చెప్తా విను. నేను గుంతకల్లులో ఉండంగ ఒక స్టేషన్ మాస్టరు అద్దానికి చట్రం చేస్తి. ఏదో నాలుగు చెక్కలు, అంతే. మూలలో వెంట్రుక దూరితే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మాట పైఆఫీసరు చెవిన పడి, నాకూ అట్లాంటిదే కావాలని, చిత్రిక నువ్వే ఏరుకోమని స్టోరు తలుపు తీసిచ్చినాడు, నేను పోయి ఒకదాన్ని తట్టి చూసి కాదంటి, ఇంకోదాన్ని ఎత్తి చూసి కాదంటి, మూలన ఒకటి పండుకోనుండె, నలుగురు కూలోళ్ళు మోసుకొచ్చి పలక మీద పెట్టినారు!"

"నలుగురా?" అన్నాడు ఓబుళేసు, తన సరుకును కొంచెం చిన్నచూపు చూస్తూ.

"నలుగురికీ నడుములు పట్టుకున్యాయి. నేనొక్కన్నే రెండు చేతులూ ఏసి, రొమ్ము ఆనించి, కసాపురం సామీ అని ఒక్క తోపు తోస్తి. చెక్క పొర లేసినాది. లేసిన పొర తెగితే గదా! కిటికీలోంచి బయటికి పాయ, పట్టాలెంట పాయ, మద్రాసు మెయిలు ఎదురొచ్చి, ఇదేందిరా మబ్బు కిందికి దిగినాదని డ్రైవరు బండి నిలిపేసినాడు."

టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. మాబాషా నవ్వలేదు. ఇంత కోతలోనూ ఎక్కడో ఒక నిజం ఇరుక్కుని ఉంటుందేమోనని ఆయన ఆశ.

"ఆ పొర ఏమాయన్నా?"

"ఏమైతాది, గాలి ఎత్తుకపాయ. యాడికంతా నీడ పడె. శెనిక్కాయ చేన్లు ఎండిపోతాంటే ఆ నీడకే తేరుకున్యాయి. మనకన్నా ముందు ఎవడొచ్చినాడ్రా అని మబ్బులకు రోషమొచ్చి, అవీ వచ్చి కురిసినాయి. వంక పారె గదప్పా ఆ యేడు! మీరు వాన అనుకుంటిరి. అది నా చిత్రిక!"

వాన మాట వినబడేసరికి నవ్వేవాళ్ళు కూడా ఒక్కసారి ఆకాశం వైపు చూశారు. అక్కడ ఏమీ లేదు.

బరువులోనే ఏదో మహిమ ఉన్నట్టుందని మాబాషాకూ అనిపించింది. జేబులో చేయి పెట్టబోయి, ఎందుకైనా మంచిదని సంచిలోంచి పలక తీశాడు. చట్రం ముక్కను దాని అడ్డకర్రకు ఆనించి ఎడమచేత్తో అదిమిపట్టాడు. కుడిచేత్తో పెద్ద చిత్రికను తోస్తే మణికట్టు వంగింది గానీ అది కదల్లేదు. రెండో చేయి కూడా వేస్తే చిత్రిక కదిలింది, ముక్క జారి కింద పడింది. ముక్కను మళ్ళీ ఆనించి చిన్నదాన్ని తోశాడు. సర్రుమని పోయింది. కొస అద్దంలా వచ్చింది.

చిన్నదాన్ని తన వైపు జరుపుకుని మెల్లగా అడిగాడు. "అన్నా, నీ రెండు చేతులూ చిత్రిక మీదనే ఉండె గదా. మరి చెక్కను ఎవరు పట్టుకున్యారు?"

వీరప్ప తడుముకోలేదు. "ఎవరేంది, మీ వదినే! తిమ్మమ్మ పట్టుకోనుండె."

తిమ్మమ్మ పొయ్యి ఊదడం ఆపి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నేను పట్టుకోనుంటే ఆ పొరతో పాటే ఎగిరిపోయింటా గదయ్యా. ఈ పొగలో ఎందుకు కూర్చోనుంటా?"