ఇప్పుడు వాసన రావట్లేదు

హలో… ఆ, నేనే. చెప్పవే కోడలా, రేపు కెమిస్ట్రీ పరీక్ష పెట్టుకుని ఇప్పుడు గుర్తొచ్చానా అత్తని?

…

ఏడవకు. నేనడుగుతా, నువ్వు చెప్పు. ఆసిడ్‌లో నీళ్లు పొయ్యాలా, నీళ్లలో ఆసిడ్‌ పొయ్యాలా?

…

శభాష్. హైడ్రోజన్ సల్ఫైడ్… రంగు?… ఉండదు. వాసన?

… కుళ్లిన కోడిగుడ్డు. ఎందుకే ఆ నవ్వు?

… మీ పెరట్లోనా? ఎందుకొచ్చింది?

… ఓహో, నాన్న సెప్టిక్ ట్యాంకు మూత తీశాడా. మా అన్నయ్యకి అన్నీ సొంత వైద్యమే! మనుషుల్ని పిలిపించొచ్చుగా? సరే, నువ్వు ముక్కు మూసుకుని—

… ఇప్పుడు రావట్లేదా?

… ఎక్కడ కూర్చున్నావ్? మూత పక్కనేనా?… లే. లేచి గుమ్మం దగ్గరికి వెళ్లు. వాదించకు, వెళ్లు!

… గాలికి పోలేదే తల్లీ. అది గాలికంటే బరువు, గుంతలోనే ఉంటుంది. ఎక్కువైతే ముక్కు పని చెయ్యదు. వాసన పోతుంది, గ్యాసు పోదు.

నాన్న ఎక్కడ?

…

ఎప్పుడు దిగాడు?… నిచ్చెన వేసుకునా?… వాసన పోయిందనా?… పిలువు. అక్కణ్ణుంచే. గట్టిగా.

…

మళ్లీ పిలువు.

…

ఏవండీ! అన్నయ్యవాళ్లింటికి ఫైర్ ఇంజన్ పంపమని చెప్పండి! మీ ఫోన్లోంచి, తొందరగా!

… ఆ, ఉన్నాను. అమ్మ డ్యూటీలో ఉందా? వీధిలోకెళ్లి కేకలు వెయ్యి. ఎవరొచ్చినా దిగనివ్వకు. ఎవర్నీ.

… మళ్లీ గుంత దగ్గరికెందుకెళ్లావ్!… నాన్న చెయ్యి కదిలిందా?

…

తెలుసే. నా అన్నే కదే లోపలున్నది. అయినా చెప్తున్నా, దిగొద్దు.

… ఊపిరి బిగబట్టినా కుదరదు. ఆయన్ని ఎత్తాలంటే ఊపిరి పీల్చాల్సిందే. ఒక్కసారి పీల్చావంటే… వద్దమ్మా.

బండి బయల్దేరిందట. వింటున్నావా? నాతో మాట్లాడుతూ ఉండు. ఇందాకటి ప్రశ్నే. ఆసిడ్‌లో నీళ్లా, నీళ్లలో ఆసిడా?

…

చెప్పు తల్లీ.

… ఆ చప్పుడేంటి?… చెప్పులెందుకు విప్పావు?

…

ఫోన్ కింద పెట్టకు. నీకు దణ్ణం పెడతా, పెట్టకు—

…

నిచ్చెన మీంచి దిగు… కాదు, పైకి రా! పైకి రావే!

…

హలో…