జలపాతం ఫోటో కింద పేరు

కోతలరాయుడికీ కథలు రాసేవాడికీ పెద్ద తేడా లేదు. కథలు రాసేవాడు గదిలో తలుపేసుకుని కోస్తాడు కాబట్టి అడ్డొచ్చేవాడు ఉండడు. కోతలరాయుడు నలుగురి మొహాల మీదే కోస్తాడు. ధైర్యమంటే నిజానికి అతనిదే. ఆ లెక్కన బజారులో ఫోటో స్టూడియో నడిపే పెద్దమనిషి మహా ధైర్యవంతుడు. ఆయన వెనకాల అందరూ ఆయన్ని 'జలపాతం' అనేవాళ్ళు. స్టూడియో గోడ మీదున్న జలపాతం ఫోటో వల్ల కొంత, నోరు తెరిస్తే ఆగదు కాబట్టి కొంత.

ఆ సాయంత్రం ఆ ఫోటో గోడ దిగింది. కొత్తగా లాడ్జి కట్టినాయన దాన్ని తన హాల్లో పెట్టుకుంటానన్నాడు. "కింద ఇత్తడి రేకు మీద తీసినవాళ్ళ పేరు ఉండాలి. అతిథులు అడుగుతారు, నేను చెప్పుకోవాలి," అని పట్టుబట్టి, పేరు రాయడానికి బోర్డుల పెయింటర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. వరండాలో స్టూడియో ఆయన ఎదురుగా లాడ్జి ఆయనా, పెయింటరూ, మెడలో టేపు తీయకుండానే వచ్చేసిన పక్కషాపు దర్జీ టీ గ్లాసులతో కూర్చున్నారు. లోపల, కర్టెన్ అవతల, స్టూడియో ఆయన భార్య బల్ల మీద ఫోటో పరిచి, ఇనప స్కేలూ బ్లేడూ పట్టుకుని, ఫ్రేములో పట్టేలా అంచులు సరిచేస్తోంది.

ఆ ఫోటో తీసింది ఆమె. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. కొండ మీది జలపాతం ఎలాగూ చెప్పదు, మొగుడు చెప్పనివ్వడు, ఇక మిగిలింది తను. ఇన్నాళ్ళూ పోనీలే అనుకుంది. కానీ పేరు ఇత్తడి మీదికి ఎక్కుతుందంటే పొద్దున టిఫిన్ దగ్గర అడగనే అడిగింది: "నా పేరు చెప్తారా?" "నీదీ నాదీ అని వేరే ఏముందోయ్," అన్నాడాయన. ఔనన్నాడో కాదన్నాడో తెలీక అప్పట్నించీ ఒక చెవి వరండాలోనే పడేసి పనిచేస్తోంది.

"చెప్పుకునేంత గొప్పేం కాదండీ," అని మొదలుపెట్టాడాయన. కోతలెప్పుడూ వినయంగానే బయల్దేరతాయి. "బస్సు దిగాను, కొండదారి పట్టుకుని నడిచాను. తుంపరకి లెన్సు తడిసిపోతుంటే చొక్కా అంచుతో తుడుచుకుంటూ వెళ్ళి తీశాను. అంతే."

"అంతేనా?" లాడ్జి ఆయన నీరుగారిపోయాడు.

ఎదుటివాడు 'అంతేనా' అంటే చాలు, ఆయనకి పెట్రోలు పోసినట్టే.

"అంతే అయితే అలాంటి ఫోటో ఎలా వస్తుందండీ! అందరూ కింద నిలబడి తీస్తారు. నేను పక్కనున్న బండ మీంచి పైకి పాకడం మొదలెట్టా. బండంతా పాచి. కాలు పెడితే సర్రుమని జారుడే. ఒక చేత్తో చెట్టువేరు, ఒక చేత్తో స్టాండు, ఇక కెమెరా అంటారా..."

"మూడో చేత్తో పట్టుకున్నావా అన్నయ్యా?" అన్నాడు దర్జీ.

"పళ్ళతోరా! తోలుపట్టీ పళ్ళతో కరిచి పట్టుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేరు ఊడింది! తలకిందులుగా వేలాడుతున్నా..."

"వేరు ఊడితే దేన్ని పట్టుకుని వేలాడావు?" పెయింటరు సందేహం.

"కాలి బొటనవేలు ఇంకో వేరులో ఇరుక్కుంది. నువ్వు మధ్యలో బ్రష్షు పెట్టకు. తలకిందులుగా చూస్తుంటే నీళ్ళు కిందనుంచి ఆకాశంలోకి పోతున్నాయి. ఆ హోరులో 'అమ్మో' అని అరిస్తే నా అరుపు నాకే వినపళ్ళా. అది నీళ్ళలో పడి కొట్టుకుపోయి, మూడూళ్ళ అవతల బట్టలు ఉతుక్కుంటున్నవాళ్ళకి వినపడిందట. తిరుగు బస్సులో వాళ్ళే చెప్పారు."

లోపల ఆమె పెదవి ఒక పక్కకి వంగింది. 'అమ్మో' అన్న మాట మాత్రం నిజం. తన చెవిలోనే అరిచాడు.

"అక్కడింకో చిక్కండీ. పాస్‌పోర్టు ఫోటోకొచ్చిన మనిషే కుదురుగా కూర్చోడు, జలపాతం కూర్చుంటుందా? గట్టిగా చెప్పా. ఏయ్, కాస్త ఆగు. గడ్డం పైకెత్తు. కుడిపక్కకి జరుగు. రెప్ప వేయకు!"

"ఆగిందా?"

"ఆగక చస్తుందా! ఒక్క చుక్క కింద పడితే ఒట్టు. గాల్లో అలాగే వరసగా నిలబడ్డాయి, రేషను క్యూలో నిలబడ్డట్టు. మధ్యలో ఒక చేప తోకాడిస్తుంటే దాన్నీ మందలించా. క్లిక్! 'అయిపోయింది, ఇక వెళ్ళొచ్చు' అన్నా. అంతసేపు ఆగిన నీళ్ళు ఒక్కసారిగా పడ్డాయి చూడండీ, వాటితో నేనూ పడ్డా."

"పోయావన్నమాట!" అన్నాడు దర్జీ ఆశగా.

"పడుతూ పడుతూ రీలు మార్చానోయ్! అంత ఎత్తు అది. సగం దూరం పడ్డాక గుర్తొచ్చింది, లెన్సు మూత పైనే మర్చిపోయానని. ఏం చేస్తాం? పడే నీళ్ళ మీదే అడుగులేసుకుంటూ, నిచ్చెన ఎక్కినట్టు మళ్ళీ పైకెక్కా."

లాడ్జి ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. పెయింటరు కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు: "అది సరే, అప్పుడు వదిన ఏం చేస్తోంది?"

లోపల బ్లేడు ఆగింది. ఇంతకన్నా వీలైన సందు దొరకదు. ఫోటో ఆమెదని ఒక్క మాట, నవ్వుతాలుగానైనా ఆయన అనొచ్చు.

"మీ వదినా?" ఆయన గొంతులో జాలి పొంగింది. "పాపం, దానికి నీళ్ళంటే ప్రాణభయం. బస్సులో ముందుసీటు కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. 'నన్ను ఒంటరిదాన్ని చెయ్యకండీ' అని ఒకటే ఏడుపు. ఇప్పటికీ బకెట్టు నిండితే ఉలిక్కిపడుతుంది."

అందరూ నవ్వారు. ఇన్నేళ్ళూ కథలోంచి ఆమెను తీసేశాడు, సరే. తీసేయడం వేరు. ఇవాళ తన ఒంటి మీది భయాన్నే విప్పి తెచ్చి ఆమెకి తొడిగాడు.

"అయితే రేకు మీద మీ పేరే, కాస్త పెద్ద అక్షరాల్లో," అంటూ లాడ్జి ఆయన లేచి, ఫోటో ఇంకోసారి చూసుకుందామని లోపలికొచ్చాడు. వెనకాలే మిగతావాళ్ళూ వచ్చి బల్లచుట్టూ మూగారు. లాడ్జి ఆయన ఫోటోలో కింద ఒకచోట వేలు పెట్టాడు.

"నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ నల్లరాయండీ. నీళ్ళన్నీ పాలు ఒలకబోసినట్టుంటే, మధ్యలో ఇదొక్కటే దేనికీ చలించకుండా కూర్చుంది. ఇది లేకపోతే ఫోటోనే లేదు."

"ఆ రాయి నేనే భుజాన మోసుకొచ్చి పెట్టానండీ!" అన్నాడు స్టూడియో ఆయన ఊపిరి తీసుకోకుండా. "కొండంతా గాలించి తెచ్చా. అలాంటి రాయి లోకంలో ఇంకోటి లేదు."

"ఆ మాట నిజం," అంది ఆమె. "కాకపోతే అది రాయి కాదన్నయ్యగారూ. మా ఆయన."

లాడ్జి ఆయన ఫోటో మీంచి వేలు చటుక్కున తీసేశాడు.

"నీళ్ళు ఆగి ఉంటే ఫోటోలో చుక్కలు చుక్కలుగా పడేవి. ఇలా పాలలా రావాలంటే స్టాండు మీద కెమెరా పెట్టి షట్టరు కాసేపు తెరిచి ఉంచాలి. ఆ కాసేపట్లో కదిలిందల్లా చెరిగిపోతుంది. ఆ రోజు అక్కడ బోలెడంత మంది స్నానాలు చేస్తున్నారు. అందరూ చెరిగిపోయారు. ఈయనొక్కడే కదల్లేదు. మొహాన తుంపర పడగానే కాళ్ళు బిగుసుకుపోయి, నల్ల రెయిన్‌కోటు నెత్తిన కప్పుకుని, గొంతుకూర్చుండిపోయారు. లే అంటే లేవలేదు. సరే, ఉన్నవాటితోనే తీశాను. కావాలంటే దగ్గరగా చూడండి. రాయికి చెప్పుంది."

పెయింటరు కళ్ళజోడు సర్దుకుని వంగాడు. "ఒక్కటే ఉంది."

"రెండోది నీళ్ళలో పోయింది."

దర్జీ పొట్ట పట్టుకుని కింద కూలబడ్డాడు. స్టూడియో ఆయన భార్య వైపు చూసిన చూపులో 'ఇంటికి పద చెప్తా' అని ఉంది. ఆయన నోరు ఊరికే తెరుచుకుని ఉండటం బజారులో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

"అయితే పేరు ఎవరిది రాయను?" అన్నాడు పెయింటరు.

లాడ్జి ఆయన నవ్వు ఆపుకున్నాడు. "ఆయనదే ఉంచవయ్యా. తప్పుగా అనుకోకమ్మా. ఎవరింట్లోనైనా ఫోటో కింద ఎవరి పేరు రాస్తారు? అందులో ఉన్న మనిషిదే కదా. తీసినవాళ్ళది ఎవరికి కావాలి? పైగా రాయి కథ వింటే మా అతిథులు పడిపడి నవ్వుతారు."

"న్యాయంగా చెప్పారు!" దర్జీ తలూపాడు.

స్టూడియో ఆయన మొహంలోకి మెల్లగా రంగొచ్చింది. "అలా రాయిలా కూర్చోవడం మాటలనుకున్నారా? నెత్తిన కొండంత నీళ్ళు పడుతున్నాయి. అయినా రెప్ప వేశానా? ఊపిరి తీశానా? ఒక పక్షయితే నన్ను బండనుకుని గూడు కట్టడం మొదలెట్టింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ఆమె ఇనప స్కేలు తీసి ఫోటోకి అడ్డంగా పెట్టింది. నెగటివు బూజు పట్టి ఎప్పుడో పోయింది. లోకంలో ఉన్నది ఆ ఒక్క ప్రింటే. స్కేలు గట్టిగా అదిమిపట్టి, బ్లేడు ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒకే లాగుడు లాగింది. కింది ముక్క తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"ఇందులో ఉన్నది మీరు. దీనికింద మీ పేరు రాయించుకోండి," అని పెయింటరు వైపు తిరిగింది. "దీంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. తీసినవాళ్ళ పేరు రాయి."

లాడ్జి ఆయన మిగిలిన ఫోటోని చేతుల్లోకి తీసుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. ఉత్త తెల్లదనం. చూపు ఆగడానికి చోటు లేదు.

"రాయి ఉంటేనే బాగుండేదమ్మా," అన్నాడు.

"తెలుసు," అంది ఆమె.