ఏ ఇబ్బందీ లేదు

మాజీ సైనికుల ఆఫీసులో కౌంటరు ముందు దంపతులు కూర్చున్నారు. గుమాస్తా మాటలు ఆయనకు వినపడవు కాబట్టి ఆవిడే మాట్లాడుతోంది.

“ఈయన చెవులు ఫిరంగుల దగ్గరే పోయాయి బాబూ. వైకల్య పింఛను రాదా?”

“సర్వీసు ముగిసిన రోజు వైద్య పరీక్షలో ‘ఏ ఇబ్బందీ లేదు’ అని ఈయనే రాసి సంతకం పెట్టారమ్మా.”

“ఉందని రాస్తే నెల్లాళ్లు ఆసుపత్రిలో ఉంచేస్తారట.”

“ఉంటే ఏం పోయేది? ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది.”

“నాకు నెలలు నిండాయి, వెంటనే రమ్మని ఉత్తరం రాశాను.”

“పురుడు టైముకి అందుకున్నారా?”

“అందుకున్నారు. బిడ్డ కెవ్వుకెవ్వుమని ఏడుస్తుంటే, ‘ఏడవట్లేదేంటే’ అని కంగారుపడిపోయారు.”